మనవరాలి లారీ వెనకాల రాయగడ దాకా

నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. ఇది నేను చెబుతుంటే పక్కింటి టీచరమ్మ రాస్తోంది. మోటు మాటలుంటే దిద్దుతానంది. దిద్దితే రేపటి నుంచి పల్లీలు పెట్టనన్నాను. కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తుందనే నమ్మకం.

మా సాలూరులో లారీ లేని వీధి ఉండదు. మా ఆయన బతికున్నన్నాళ్ళూ లారీల బాడీలకు రంగులేసి, వెనకాల నెమళ్ళూ తామరపువ్వులూ గీసేవాడు. ఆయన పోయాక నేను బస్టాండు బయట ఉడకబెట్టిన పల్లీలు అమ్ముతున్నాను. పొద్దున లేచింది మొదలు డ్రైవర్ల మధ్యే నా కూర్చోవడం. అయినా ఒక ఆడపిల్ల లారీ తోలగా ఎన్నడూ చూడలేదు. ఆ పిల్ల మా ఇంట్లోంచే వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

గౌరి మా అబ్బాయి కూతురు. మిలటరీ బళ్ళు తోలడానికి ఆడపిల్లల్ని కూడా తీసుకుంటున్నారంటే వెళ్ళి పరుగులో నెగ్గింది, రాతలో నెగ్గింది. అది సైన్యమో, సైన్యానికి చెల్లెలి వరసయ్యే ఇంకో దళమో నన్నడక్కండి. మా వీధిలో బూట్లూ టోపీ ఉంటే అంతా మిలటరీయే. కోరాపుట్‌లో ఇంకొందరు ఆడపిల్లలతో కలిపి దానికి ట్రక్కు నేర్పుతున్నారు. ముందుకు బాగా తోలుతుంది. వెనక్కి తోలి, పాతిన కర్రల మధ్య బండిని నిలబెట్టమంటే మాత్రం ఒక కర్రను పడగొట్టింది. రాయగడలో ఇంకొక్కసారి చూస్తాం, అప్పుడూ పడగొడితే ఇంటికే అని చెప్పి, నాలుగు రోజులు సెలవిచ్చి పంపారు.

మా అబ్బాయి దాని మొహం చూసి, "ఈపాలి తప్పితే ఇంక ఆ ఊసెత్తకు. బట్టల కొట్లో ఉజ్జోగం ఉంది, సేరిపో" అన్నాడు.

సెమిలిగుడలో మా తమ్ముడు సత్తియ్యకు సొంత లారీ ఉంది. ఆ లారీ మీద రెండు రోజులు వెనక్కి తోలిస్తే చెయ్యి తిరుగుతుందని నాకు తోచింది. పల్లీల బుట్ట బోర్లించి, గౌరిని వెంటబెట్టుకుని బయలుదేరాను.

ఘాటీ మీద

సాలూరు దాటాక రోడ్డు కొండల మీదికి మెలికలు తిరుగుతుంది. కిటికీ పక్కన కూర్చుంటే లోయ మన ఒడిలోకి వచ్చినట్టుంటుంది. నాకు మాత్రం పొద్దున తిన్నదంతా గొంతులోకి వచ్చింది. బుగ్గన చింతపండు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. అందుచేత అందాల గురించి ఎక్కువ చెప్పలేను.

పక్క సీటులో బోరిగుమ్మలో కిరాణా హోల్‌సేలు వ్యాపారం చేసే పెద్దమనిషి. మనవాడే, విజయనగరం వైపు. గౌరిని చూసి మాట కలిపాడు.

"అమ్మి ఏటి సదువుతోందమ్మా?"

"సదువైపోనాది బాబూ. మిలటరీ బండి తోలడం నేర్సుకుంటోంది."

"బండంటే స్కూటీయా?"

"ట్రక్కు."

ఆయన గౌరి చేతుల వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు. "మరి పెళ్ళెలగ సేస్తారు?"

"దండలేసి సేస్తాం. మీ ఇంట్లో ఎలగ సేస్తారు?"

కండక్టరు టికెట్లు కొట్టడం మాని నవ్వాడు. డ్రైవరుకి కూడా వినబడినట్టుంది. "అమ్మి, ఇలగొచ్చి కూకో. ఘాటీ ఎక్కడమంటే ఏటో సూపిస్తాను" అని ఇంజను పక్కన చోటిచ్చాడు. గౌరి వెళ్ళి కూర్చుంది. ఏ మలుపులో ఏ గేరు, ఎదురుగా లోడు బండి వస్తే ఎవరు ఆగాలి, అన్నీ విడమరచి చెప్పాడు. మంచివాడే. సుంకిలో టీకి ఆపినప్పుడు, "ఇయన్నీ తెలుసుకోడానికే గానీ, ఆడోళ్ళకి పెద్దబండి పెడల్సు కాళ్ళకందవు" అన్నాడు. అప్పటిదాకా కూర్చునున్న గౌరి లేచి నిలబడింది. ఆయన తల దాని భుజం దాకే వచ్చింది.

సుంకిలో బరాలు తిన్నాం. చూడడానికి మన గారెలే గానీ చిల్లుండదు. చట్నీ వేయమంటే కొట్టతను బఠాణీల కూర పోశాడు. చట్నీ అని మళ్ళీ అడిగితే అదే ఇంకో గరిటె పోశాడు. వాళ్ళకదే చట్నీ అని నాకప్పుడు తెలిసింది. ప్లేటు ఇరవై రూపాయలు. బాగుంది, కడుపులో బరువుగా కూర్చుని వాంతిని కూడా ఆపింది.

సెమిలిగుడలో మా తమ్ముడి లారీ

సెమిలిగుడ అంటే ఊరు కాదు, లారీలు ఊపిరి పీల్చుకునే చోటు. దగ్గరలో పెద్ద అల్యూమినియం ఫ్యాక్టరీ ఉంది కాబట్టి రోడ్డుకి అటూ ఇటూ బళ్ళే. టైర్ల కొట్లు, టీ కొట్లు, మధ్యలో మనుషులు. మా సాలూరులాగే ఉంది గానీ చలి ఎక్కువ. పట్టపగలు కూడా జనం చెవులకు మఫ్లరు చుట్టుకుని తిరుగుతారు.

మరదలు ఎండుచేపలూ వంకాయా వండింది. కాళ్ళు కడుక్కుని కూర్చున్నాక వచ్చిన పని చెప్పాను.

సత్తియ్య మెడ నిమురుకున్నాడు. "అప్పా, నువ్వింకేటి అడిగినా ఇద్దును. లారీ ఎలగిత్తాను? టైర్ల కొట్టుకాడ కుర్రగుంటలు సూసేరంటే, సత్తియ్య బండి ఆడగుంట తోలిందని ఊరంతా సాటిస్తారు. మరి నాకు లోడు ఎవుడిత్తాడు?"

"లోడు బండికిత్తారా, నీ మీసాలకిత్తారా?"

"నీకు తెల్దప్పా."

"సరే" అన్నాను. విస్తరి ముందు నుంచి లేచి, బయట అరుగు మీద కూర్చున్నాను. "పిల్లకి పెట్టండి. నాకొద్దు."

వాడికి తెలుసు, నేను ఒద్దంటే ఒద్దే. మరదలు లోపల వాడితో ఏమందో వినబడలేదు గానీ గిన్నెలు మాత్రం గట్టిగా వినబడ్డాయి. ఎండుచేపల వాసన అరుగు దాకా వస్తుంటే నా ప్రాణం విలవిల్లాడింది. వాడు ఇంకాస్త సేపు పట్టుబట్టి ఉంటే నేనే లోపలికి వెళ్ళిపోయేదాన్ని. ఈలోపే తాళంచెవి తెచ్చి నా పక్కన పెట్టాడు.

"షెడ్డు ఎనకాల కాళీజాగాలోనే. రోడ్డెక్కించడానికి నేదు."

షెడ్డు వెనక కర్రలు పాతారు. అప్పుడొక చిక్కొచ్చింది. లారీ వెనక్కి రావాలంటే వెనకాల క్లీనరుండాలి. అది మా లారీవాళ్ళ పద్ధతి. క్లీనరు బాడీ మీద టపటపా తడుతూ ఉంటే రావచ్చని, ఒక్కసారి గట్టిగా చరిస్తే ఆగమని. డ్రైవరు ఆ చప్పుడు వింటూ వస్తాడు. సత్తియ్య క్లీనరు డమ్రు యాభై దాటినవాడు, పక్క ఊరి దేశియా మనిషి, అంటే ఆ కొండల్లో పుట్టినవాడు. ఇంతకాలం ఎన్నో బళ్ళకు తట్టినవాడు. ఆడపిల్లకు క్లీనరుగా ఉండడం తన వల్ల కాదని, బీడీ ముట్టించుకుని టీ కొట్టుకు వెళ్ళిపోయాడు.

"పోనీ, నేను తడతాను" అన్నాను.

చీర కుచ్చెళ్ళు ఎగదోపి లారీ వెనకాల నిలబడ్డాను. టపటపా తట్టాను. లారీ వచ్చింది. కర్ర దగ్గరయ్యేసరికి ఫట్‌మని చరిచాను. ఆగింది. మళ్ళీ ముందుకు, మళ్ళీ వెనక్కి. పొద్దు వాలేసరికి సూదిలో దారం ఎక్కించినట్టు వచ్చి కూర్చుంటోంది బండి. నా అరచెయ్యి టమాటాలా అయింది. సత్తియ్య ముందు కిటికీలోంచి చూశాడు, తర్వాత గుమ్మంలోకి వచ్చాడు, ఆఖరుకి కర్ర పక్కన కూర్చుని మూరలు కొలిచాడు.

"అమ్మి, నువ్వు డమ్రు కన్నా బాగా పెట్టేవే" అన్నాడు. డమ్రుకి డ్రైవింగు రాదన్న సంగతి ఆ సంతోషంలో ఎవరికీ గుర్తు రాలేదు.

నందపూర్ సంత

మర్నాడు పొద్దున లారీ లోడుకి వెళ్ళింది. ఊరికే కూర్చోవడం ఎందుకని మరదలు మమ్మల్ని నందపూర్ సంతకు తీసుకెళ్ళింది. ఒకప్పుడు రాజుల ఊరట. ఇప్పుడు రాజులు లేరు, అల్లం ఉంది, పసుపు ఉంది, చిక్కుళ్ళు ఉన్నాయి. మేకల అరుపుల్లో బేరం ఆడాలంటే గొంతుండాలి. దేవుడు నాకది ఇచ్చాడు.

మండియా పేజ్ తాగాం. మన చోడంబలే, అదే రాగి అంబలి, కాస్త పల్చన. నేను ఉల్లిపాయ నంజుకుంటాను, వాళ్ళు కాల్చిన ఎండుమిరపకాయ. ఒకటి కొరికి చెవుల్లోంచి పొగ తెప్పించుకున్నాను. అల్లం అమ్మే దేశియా ఆవిడ నా అవస్థ చూసి కడుపు పట్టుకుని నవ్వింది. ఆమెకు తెలుగు కొంచెం వచ్చు, నాకు వాళ్ళ దేశియా భాష అసలు రాదు, అయినా బాగానే కబుర్లాడుకున్నాం. గౌరి సంగతి చెప్పాను.

ఆవిడ నవ్వు ఆపి ఆలోచించింది. వాళ్ళలో ఆడది నాగలి ముట్టకూడదట. ముడితే వానలు పోతాయంటారట. నాట్లేస్తుంది, కలుపు తీస్తుంది, మోస్తుంది, అమ్ముతుంది. నాగలి మాత్రం మగవాడే పట్టాలట.

"మరి లారీయో?" అని మరదలు అడిగింది.

"లారీ దున్నదు గదా" అంది ఆవిడ. "తోలనీ. వాన వస్తది."

సేరు అల్లం కొంటే ఇంకో పిడికెడు గౌరి ఒళ్ళో పోసింది. సాయంత్రం లారీ రాగానే మళ్ళీ తట్టాను, మళ్ళీ కూర్చుంది. పిల్ల గట్టెక్కినట్టేనని సత్తియ్య స్వీటు తెచ్చాడు.

కోరాపుట్‌లో పడ్డ దెబ్బ

కోరాపుట్‌లో మేరమ్మ ఇంట్లో దిగాం. చాలాకాలం క్రితం సాలూరులో మా పక్క వాటాలో ఉండేది. ఇప్పుడు అక్కడి ఆసుపత్రిలో నర్సు. ఇంటి ముందు గులాబీలు, గోడ మీద ఏసుప్రభువు, పొయ్యి మీద మన పప్పుచారు. ఒకే ఒక్క లోటు, అందరికీ సలహా చెబుతుంది.

"నేను నర్సుగా ఒచ్చినపుడు, మగోళ్ళ ఒళ్ళు తుడిసే ఉజ్జోగమా అని మా ఊళ్ళో ముక్కున ఏలేసుకున్నారు పిన్నీ. ఇపుడు ఆళ్ళే జొరమొస్తే నాకు ఫోన్లు."

"అలగయితే నీకు తెలుసు మా పిల్ల బాధ."

"తెలుసు. గానీ లారీ ఏటి పిన్నీ? సక్కగా నర్సింగు సేర్సొచ్చు కదా."

పప్పుచారు బాగుంది, ఇంకో గరిటె పోయించుకున్నాను.

సెలవు అయిపోయి గౌరి వెంట వాళ్ళు బండి నేర్పే మైదానానికి వెళ్ళాను. అక్కడ ట్రక్కు చూసి నాకు ముచ్చటేసింది. ఆకుపచ్చ రంగు, ఎక్కడా ఒక పువ్వు గానీ నెమలి గానీ లేదు. మా ఆయన చూస్తే బాధపడేవాడు. నేర్పే అతన్ని వాళ్ళు ఉస్తాద్ అంటారు. ఉత్తరాది మనిషి, తల నెరిసినవాడు, హిందీ తప్ప మాట్లాడడు. గౌరితో పాటు నేర్చుకునే సబితా అనే ఒడియా పిల్ల నా పక్కన నిలబడి అర్థం చెప్పింది.

గౌరి బండెక్కి వెనక్కి తోలడం మొదలుపెట్టింది. సగం వచ్చింది, ఆగిపోయింది. కిటికీలోంచి తల బయటపెట్టి అలాగే కూర్చుంది.

ఉస్తాద్ ఎందుకు ఆగావని అడిగాడు.

"తట్టు వినబడనేదు" అంది. దానికి కంగారులో హిందీ రాలేదు. సబితా చెప్పాక ఉస్తాద్ చుట్టూ చూశాడు. ఎవరు తట్టాలి? గౌరి నా వైపు చూసింది.

అప్పుడు నాకు సంగతి అర్థమైంది. రెండు రోజులు ఈ పిల్ల అద్దాలు చూడలేదు. నా చేతి చప్పుడే విన్నది. మిలటరీ బండికి క్లీనరుండడు. మా లారీవాళ్ళ పద్ధతి నేర్పి, వచ్చిన కాస్తా పోగొట్టాం.

పిల్లలందరూ నవ్వారు. ఉస్తాద్ కూడా నవ్వి నాతో ఏదో అన్నాడు. దాదీని, అంటే మామ్మని కూడా చేర్చేసుకుందామా, ఈమె చెయ్యి లేకపోతే ట్రక్కు కదలడం లేదు అన్నాడట. నవ్వే మాటే. నాకు నవ్వు రాలేదు, ఎల్లుండే పరీక్ష.

"సెవుల్లో దూది పెడితే?" అన్నాను.

హారను వినబడాలి కదా అన్నాడు. తర్వాత నన్ను మైదానం బయటికి పంపించమన్నాడు. నేను కనబడుతున్నంతసేపూ అది అద్దంలో నన్నే వెతుకుతుందట.

జగన్నాథుడి గుడికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. ప్రసాదం అన్నం అందరూ పక్కపక్కనే కూర్చుని తింటున్నారు. ఎవరివాళ్ళు ఎవరని ఎవరూ అడగరు. మన వైపు పూజారి విసిరినట్టు పెడతాడు, ఇక్కడ కుండలోంచి నిండుగా పెట్టారు. దేవుణ్ణి మాత్రం సరిగా మొక్కలేకపోయాను. చెవి మైదానం వైపే ఉంది.

తిరిగి వెళ్ళేసరికి పిల్ల మొహం వాడిపోయి ఉంది. "కొన్నిమాట్లు పెడతన్నాను మామ్మా. కొన్నిమాట్లు సెయ్యి ఆగిపోతంది" అంది.

"నన్ను తిట్టు."

"నిన్నెందుకు తిడతాను. నువ్వు తడతా ఉంటే హాయిగా ఉంది" అంది. ఆ మాటకి ఇంకా బాధేసింది.

సొరంగాల రైలు

పిల్లలు ట్రక్కులోనే రాయగడ వెళ్ళారు. నన్నెక్కించుకోరు కదా, నేను రైలెక్కాను. ఈ రైలు కోసమైనా మీరొకసారి వెళ్ళాలి. కొండలోకి దూరుతుంది, చీకటి, పిల్లకాయల కేకలు. బయటపడుతుంది, పచ్చటి లోయ. లోయ చూసేలోగా మళ్ళీ చీకటి. అరటిపండు తొక్క తీసేది ఒక సొరంగంలో, తినేది ఇంకో సొరంగంలో.

ఎదురుగా రాయగడలో ఉల్లిపాయల వ్యాపారం చేసే ఇంటి షావుకారమ్మ. పార్వతీపురం ఆడపడుచట. కాళ్ళు బారచాపి, మరమరాల పొట్లం నా ముందు పెట్టింది. ఆమె కొడుకు మిలటరీలో ఉన్నాడంటే ప్రాణం లేచొచ్చింది, మా పిల్ల సంగతంతా చెప్పాను.

"మావోడు సెప్పేడమ్మా. కొండల మీద బండి ఎవులు తోలితే ఏటి, సామాను పైకి సేరాలంటాడు. ఆడపిల్లలు తాగి తోలరంట, అదో సుకం."

"సల్లగా సెప్పేవు తల్లీ."

"గానీ కోడల్ని మటుకు అలగంటిదాన్ని తేనమ్మా. ముందే సెప్పేస్తన్నాను."

"నేనడగనేదు కదా" అన్నాను.

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ పూట నన్ను వాళ్ళింటికే తీసుకెళ్ళి పడక ఇచ్చింది. మనసులో మాట పైకి అనేసేవాళ్ళతో నాకు పేచీ ఉండదు.

రాయగడ

రాయగడలో నాకు పరాయి దేశంలో ఉన్నట్టే లేదు. కూరల బేరం తెలుగులో, పోట్లాట తెలుగులో, ఆఫీసుల దగ్గర మాత్రం ఒడియా. షావుకారమ్మ పనులొదిలి నాతో మైదానానికి వచ్చింది. పిల్ల ఎలా ఉంటుందో చూద్దామని వస్తున్నానంది. కోడలి మాట మనసులో మెదిలిందేమోనని నాకు అనుమానం.

మైదానం చుట్టూ రేకుల దడి. మేం గేటు పక్కన, బయట నిలబడ్డాం. అక్కడ ముగ్గురు కుర్రాళ్ళు గేటుకి అడ్డంగా మోటారు సైకిలు పెట్టుకుని తమాషా చూస్తున్నారు. సబితా వెనక్కి తోలుతుంటే, "ఒరే, పక్కకి తప్పుకోండి, మైదానం బయటికొచ్చేస్తాది" అని ఒకడంటాడు, మిగతావాళ్ళు నవ్వుతారు. సబితా నెగ్గింది. కుర్రాళ్ళకు నచ్చినట్టు లేదు.

గౌరి వంతు వచ్చింది. దూరం నుంచి దాని మొహం కనబడలేదు. కిటికీలో మోచెయ్యి కనబడింది. బండి కదిలింది. వెనక్కి, మెల్లగా, చక్కగా వస్తోంది. నా రెండు చేతులూ షావుకారమ్మ చేతికిచ్చి, గట్టిగా పట్టుకోమన్నాను. అలవాటుకొద్దీ ఎక్కడ చరుస్తానోనని.

బండి మా వైపే వస్తోంది. కర్రల మధ్యకి సగం దూరింది. అప్పుడు ఎర్ర చొక్కా కుర్రాడు సరదాకి రేకు మీద ఫాట్‌మని కొట్టాడు.

బండి ఆగిపోయింది.

వాడికేం తెలుసు? లారీ ఎరిగినవాడో కాదో కూడా నాకు తెలీదు. తన చప్పుడుకు అంత ట్రక్కు ఆగేసరికి వాడికి భలే అనిపించింది. "సూసేర్రా" అని ఇంకోటి కొట్టాడు. షావుకారమ్మ చేతుల్లోంచి నా చేతులు లాక్కుని వాడి మీదికి పోయాను. రెండడుగులు వేసి ఆగాను. నేను అరిస్తే దానికి నా గొంతు వినబడుతుంది. వినబడితే మళ్ళీ నా కోసం చూస్తుంది. నా జన్మలో అరవకుండా ఆగింది అప్పుడే. టీచరమ్మ నమ్మడం లేదు గానీ, నిజం.

లోపల ఉస్తాద్ చేతి గడియారం వంక చూస్తున్నాడు. గౌరి తల కిటికీలోంచి బయటికొస్తుందని చూశాను. రాలేదు. ఎడమ అద్దం వైపు తిరిగింది. కుడి అద్దం వైపు తిరిగింది. మళ్ళీ ఎడమ. ఎర్ర చొక్కావాడు మూడోసారి కొట్టాడు.

బండి కదిలింది. వాడు కొడుతున్నాడు, బండి వస్తోంది. మిగతా ఇద్దరూ కూడా కలిసి రేకు వాయించారు, పెళ్ళి మేళంలా. బండి ఆ మేళంలోనే నిదానంగా వచ్చి, కర్రల మధ్య నిలబడింది. ఒక్క కర్ర ఊగలేదు. ఉస్తాద్ చుట్టూ తిరిగి చూసి, అట్ట మీద ఏదో గీసి, సరే అన్నట్టు బొటనవేలు ఎత్తాడు.

షావుకారమ్మ కళ్ళొత్తుకుంది. నేను ముక్కు చీదుకున్నాను.

పరీక్ష అయ్యాక నెగ్గిన పిల్లల్ని అటునుంచటే ఎక్కించుకుని పోతామన్నారు. కలిసి మాట్లాడ్డానికి వీల్లేదు, సెలవు దొరికాక రావచ్చు అన్నారు. పిల్లలందరూ వెనక ఎక్కారు. ముందు సీట్లో ఉస్తాద్. తోలేది గౌరి.

ట్రక్కు గేటు దాకా వచ్చి ఆగింది. అడ్డంగా మోటారు సైకిలు ఉంది కదా. హారను కొట్టింది, ఒక్కసారే. ఎర్ర చొక్కావాడు ఉలిక్కిపడి, స్టాండు తీయడం మరిచిపోయి, బండిని నేల మీద ఈడ్చుకుంటూ పక్కకి పరిగెత్తాడు.

నేను చెయ్యెత్తి ఊపాను. గౌరి నా వైపు చూడలేదు. గేటు ఇరుకు, రెండు పక్కలా రేకులు. అది అద్దంలో చూసుకుంటూ బండిని రోడ్డెక్కించింది.